మీ జిల్లా సర్కారు బడుల లెక్కలు తీసి, పక్క జిల్లాతో పోల్చడం ఎలా

తల్లిదండ్రుల మీటింగ్‌లో ఒకామె లేచి అడిగింది: "సుద్దముక్కలకు సుత పైసలు లేవంటరు. మరి పేపర్ల రాసే ఆ వేల కోట్లు ఏడికి పోతున్నయి?" హెడ్‌మాస్టర్ సార్ దగ్గర జవాబు లేదు. బడి యాజమాన్య కమిటీ సభ్యుడిగా పక్కనే కూర్చున్న నా దగ్గర కూడా లేదు. ఆ రోజు ఇంటికొచ్చాక సరిగా నిద్రపట్టలేదు. ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్న పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు తెలంగాణవి. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్ళకూ దాదాపు ఇదే దారి పనికొస్తుంది.

2025-26 తెలంగాణ బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో విద్యకు చూపించింది 23,108 కోట్లు. అంటే వందకు ఏడున్నర రూపాయలు. ఈ పెద్ద అంకెతో మొదలుపెడితే మాత్రం ఎక్కడికీ చేరరు. బడ్జెట్ పుస్తకాల్లో బడి చదువుల ఖర్చు పద్దుల వారీగా ఉంటుంది కానీ, మీ మండలానికి ఎంత, మీ బడికి ఎంత అని ఉండదు. అందుకే కింది నుంచి పైకి రావాలి. ముందు మీ బడి, తర్వాత మండలం, ఆ తర్వాత జిల్లా, చివరికి పక్క జిల్లా.

1. డబ్బు ఏ దారుల్లో వస్తుందో ముందు తెలుసుకోండి

అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టులకు వచ్చే డబ్బులో పెద్ద భాగం తమ పరిధిలోని ఆస్తి పన్ను నుంచి వస్తుంది. ఖరీదైన ఇళ్ళున్న చోట బడికి పన్ను డబ్బు ఎక్కువ వస్తుంది, లేని చోట తక్కువ. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకునేది అందుకే. అక్కడ తేడా రూపం డాలర్లే కాబట్టి కంటికి కనబడుతుంది.

మన దగ్గర అలా కాదు. జిల్లా తన బడుల కోసం విడిగా పన్ను వసూలు చేసుకోదు. ఖర్చులో సింహభాగం టీచర్ల జీతాలు, అవి రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. రెండోది సమగ్ర శిక్ష. 2018లో మొదలైన ఈ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెడతాయి. బడి గ్రాంటు, యూనిఫాం, ఆటల సామాను, లైబ్రరీ పుస్తకాలు, కస్తూర్బా విద్యాలయాలు దీని కిందికే వస్తాయి. మూడోది మధ్యాహ్న భోజనం. నాలుగోది కలెక్టర్, ఎమ్మెల్యే, కంపెనీల చేతుల్లో ఉండే చిల్లర మల్లర నిధులు. పేరుకు చిల్లరే అయినా కొన్ని జిల్లాల్లో ఇదే పెద్ద తేడా తెస్తుంది.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, మన దగ్గర జిల్లాకూ జిల్లాకూ మధ్య తేడా రూపాయల్లో కంటే పోస్టుల్లోనే ఎక్కువగా దాక్కుని ఉంటుంది. టీచర్ పోస్టు ఖాళీగా ఉంటే ఆ జీతం ఆ జిల్లాకు రానట్టే. దాన్ని "నిధుల కోత" అని మాత్రం ఎవరూ అనరు.

2. బడి యూడైస్ కోడ్ సంపాదించండి

యూడైస్ అంటే కేంద్రం ఏటా బడుల వివరాలు సేకరించే వ్యవస్థ. అందులో దేశంలోని ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 28), తర్వాతి రెండు జిల్లా, ఆ తర్వాత రెండు మండలం, మూడు గ్రామం, చివరి రెండు బడి. హెచ్‌ఎం గారిని అడిగితే చెప్తారు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో "నో యువర్ స్కూల్" అనే చోట ఈ కోడ్ కొడితే పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, కరెంటు లాంటి వివరాలు వస్తాయి. కోడ్ దొరక్కపోతే జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటూ పోవచ్చు.

పైన ఏ విద్యా సంవత్సరం అని ఉందో తప్పకుండా రాసుకోండి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 2022-23 నుంచి యూడైస్‌లో బడి మొత్తం సంఖ్య కాకుండా ఒక్కో పిల్లవాడి వివరాలు విడివిడిగా నమోదు చేస్తున్నారు. దాంతో చాలాచోట్ల సంఖ్యలు ఒక్కసారిగా మారాయి. అంతకు ముందు ఏళ్ళతో నేరుగా పోల్చి "ఇంతమంది బడి మానేశారు" అని ప్రకటించకండి.

స్క్రీన్ మీద చూసినదాన్ని బడికి వెళ్ళి సరిచూసుకోండి. పనిచేసే మరుగుదొడ్డి ఉందని ఫారంలో రాసి ఉంటుంది. వెళ్ళి చూస్తే దానికి నీళ్ళు ఉండవు. ఇది ఎవరినో పట్టుకోవడానికి కాదు. తప్పు ఫారం వల్ల రావాల్సిన మరమ్మతు డబ్బు ఆగిపోతుంది, నష్టపోయేది ఆడపిల్లలు.

3. టీచర్ల లెక్క: ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 1 నుంచి 5 తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలి. 150 దాటితే వీళ్ళు కాక హెడ్‌మాస్టర్ వేరు. 6 నుంచి 8 తరగతులకు 35 మందికి ఒకరు చొప్పున ఉండాలి. లెక్కలు-సైన్సు, సోషల్, భాషలు చెప్పేవాళ్ళు విడివిడిగా ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట: మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదని అదే చట్టంలోని 26వ సెక్షన్ చెబుతోంది.

ఇప్పుడు జిల్లా సగటు ఎలా మోసం చేస్తుందో చూడండి. ఒక బడిలో 12 మంది పిల్లలు, ఇద్దరు సార్లు అనుకుందాం. పక్క ఊరి బడిలో 88 మంది, అక్కడా ఇద్దరే. రెండూ కలిపితే 100 మందికి నలుగురు, అంటే 25 మందికి ఒకరు. 30కి ఒకరు అనే నిబంధన దర్జాగా పాసైపోయింది. కానీ 88 మంది ఉన్న బడిలో ఒక్కో టీచర్ మీద 44 మంది ఉన్నారు, చట్టం ప్రకారం అక్కడ ముగ్గురు ఉండాలి. "మా జిల్లాలో టీచర్ల కొరత లేదు" అని ఎవరైనా సగటు చూపిస్తే నమ్మకండి. నిబంధన కంటే తక్కువ టీచర్లున్న బడులు ఎన్ని, ఒక్క టీచరే ఉన్న బడులు ఎన్ని అని అడగండి. జిల్లాలను పోల్చడానికి నాకు తెలిసినంతలో వీటిని మించిన అంకెలు లేవు.

ఇక్కడే మరో చిక్కు. టీచర్ జీతం ఒక బడి పేరు మీద పడుతుంది, ఆయన పనిచేసేది ఇంకో బడిలో. దీన్ని డిప్యుటేషన్ అనో, పని సర్దుబాటు అనో అంటారు. మారుమూల ఊరి బడి రిజిస్టర్‌లో ముగ్గురు ఉంటారు, తలుపు తీసేది ఒక్కరే. అందుకని మూడు వేర్వేరు అంకెలు రాసుకోండి: మంజూరైన పోస్టులు, నిండినవి, ఈ వారం నిజంగా బడికి వస్తున్నవాళ్ళు.

పోస్టులు జిల్లాల మధ్య ఎలా పంచబడ్డాయన్నదీ తెలియాలి. కొత్త జిల్లాలు, జోన్లు వచ్చాక 2021 డిసెంబర్‌లో ఇచ్చిన 317 జీవో ప్రకారం ఉద్యోగులను, టీచర్లను కొత్త జిల్లాలకు కేటాయించారు. ఆ తర్వాత 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. మీ జిల్లాకు అందులో ఎన్ని పోస్టులు వచ్చాయి, ఎన్ని నిండాయి అన్నది జిల్లా విద్యాధికారి కార్యాలయం దగ్గర ఉంటుంది. రిటైరైన వాళ్ళ సంఖ్య కూడా అడగండి. కొత్తగా పదిమంది చేరి, పన్నెండు మంది రిటైరైతే ఆ జిల్లాకు మిగిలేది నష్టమే.

4. "ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు" అన్న అంకె ఎదురైతే ఆగండి

ఈ అంకె వాడి చిన్న బడులు మూసేయాలని వాదించేవాళ్ళను చాలాసార్లు విన్నాను, ప్రతిసారీ బాధేసింది. కాబట్టి దాని లోపలికి వెళ్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి టీచర్ జీతం నెలకు 60,000 అనుకుందాం.

22 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు ఉన్న బడి: ఏడాది జీతాలు 14,40,000. ఒక్కో పిల్లవాడికి దాదాపు 65,450 రూపాయలు.

110 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు ఉన్న బడి: ఏడాది జీతాలు 21,60,000. ఒక్కో పిల్లవాడికి దాదాపు 19,640 రూపాయలు.

పైకి చూస్తే చిన్న బడి పిల్లలకు మూడు రెట్లు ఎక్కువ పెడుతున్నట్టు ఉంది. మరి ఆ పిల్లలకు దక్కుతున్నదేమిటి? ఐదు తరగతులకు ఇద్దరే సార్లు. ఒక సారు ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్తారు, ఇంకో సారు మిగతా మూడూ చూస్తారు. వాళ్ళలో ఒకరు మీటింగ్‌కు పోతే ఐదు తరగతులూ ఒక్కరి మీదే. ఇటు పెద్ద బడిలో చట్టం ప్రకారం నలుగురు ఉండాలి, ముగ్గురే ఉన్నారు. అంటే ఎక్కువ ఖర్చు కనబడే బడీ ఇబ్బందిలోనే ఉంది, తక్కువ ఖర్చు కనబడే బడీ ఇబ్బందిలోనే ఉంది. అంకె మాత్రం రెండోదాన్ని "పొదుపు" అని మెచ్చుకుంటుంది.

ఆవాసాలు దూరదూరంగా ఉండే కుమురం భీం ఆసిఫాబాద్, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం లాంటి జిల్లాల్లో చిన్న బడులు సహజంగానే ఎక్కువ ఉంటాయి. అక్కడ తలసరి ఖర్చు పెద్దదిగా కనబడటం చూసి ఆ పిల్లలకు ఏదో ఎక్కువ ముడుతోందని అనుకోవడం అన్యాయం. ఐదేళ్ళ పిల్ల వాగు దాటి ఇంకో ఊరి బడికి పోలేదు కాబట్టి అక్కడ బడి ఉంది, ఆ ఖర్చు ఉంది.

తలసరి అంకె వాడక తప్పకపోతే, జీతాలు కలిపి ఒకసారి, జీతాలు తీసేసి ఇంకోసారి లెక్కేయండి. బడి పరిమాణం దాదాపు ఒకేలా ఉన్న బడులను మాత్రమే పక్కపక్కన పెట్టండి.

5. బడి గ్రాంటు: ఎంత అన్నది ఒకటి, ఎప్పుడు అన్నది ఇంకొకటి

సమగ్ర శిక్ష కింద బడులకు ఏటా ఇచ్చే ఉమ్మడి గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు 10,000, 31 నుంచి 100 వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1000 వరకు 75,000, ఆ పైన లక్ష రూపాయలు. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వాడాలి. ఆటల సామానుకు ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 వరకు ఉంటుంది.

ఈ శ్లాబులను ఒకసారి నిదానంగా చూడండి. 31 మంది ఉన్న బడిలో ఒక కుటుంబం వలస పోయి ఒక్క పిల్లవాడు తగ్గితే, శ్లాబు మారి 15,000 పోతుంది. పాలమూరు లాంటి వలస ప్రాంతాల్లో ఇది ఊహ కాదు. మరోవైపు, 100 మంది ఉన్న బడికి తలకు 250 పడుతుంది, 101 మంది ఉంటే తలకు 495. కాబట్టి రెండు జిల్లాల గ్రాంటు మొత్తాలు పోల్చేటప్పుడు ఏ శ్లాబులో ఎన్ని బడులు ఉన్నాయో కూడా పక్కన రాయండి. లేకపోతే తేడా జిల్లా వల్లనా, బడుల సైజు వల్లనా అన్నది తేలదు.

తేదీల సంగతి అంతకంటే ముఖ్యం. బడి తెరిచేది జూన్‌లో. గ్రాంటు ఫిబ్రవరి, మార్చిలో పడితే ఆ ఏడాది సుద్దముక్కలు హెచ్‌ఎం జేబులోంచో, టీచర్లు తలా కొంత వేసుకున్న డబ్బులోంచో కొన్నట్టే. మార్చి 31 లోపు ఖర్చు పెట్టాలన్న హడావిడిలో అవసరం లేనివి కొనడం కూడా చూశాను. బ్యాంకు స్టేట్‌మెంట్, క్యాష్ బుక్ చూసి మూడు అంకెలు రాసుకోండి: మంజూరైంది ఎంత, ఖాతాకు చేరింది ఎంత, ఏ తేదీన చేరింది. ఇవి చూపించమని అడిగే హక్కు కమిటీ సభ్యులకు ఉంది. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టం చెప్పింది ఊరికే కాదు. హెచ్‌ఎం మీద అనుమానంతో అడిగినట్టు మాత్రం అడగకండి. చాలామంది సార్లు ఈ లెక్క ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు.

6. జిల్లా హద్దులు మారిన సంగతి మర్చిపోవద్దు

2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ అక్షరాస్యత 83.25 శాతం, ఉమ్మడి మహబూబ్‌నగర్‌ది 55.04 శాతం. ఆ మహబూబ్‌నగర్ ఇప్పుడు ఐదు జిల్లాలు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పేరు అదే ఉన్నా "2014లో మహబూబ్‌నగర్", "2024లో మహబూబ్‌నగర్" ఒకటి కావు.

కొత్త జిల్లాలన్నీ కూడితే పాత జిల్లా వచ్చేస్తుందని కూడా అనుకోకండి. సిద్దిపేటనే చూడండి. అది ప్రధానంగా మెదక్ నుంచి వచ్చినా, హుస్నాబాద్ కరీంనగర్ నుంచి, చేర్యాల వరంగల్ నుంచి వచ్చి కలిశాయి. పదేళ్ళ మార్పు చూడాలంటే మండలాన్ని యూనిట్‌గా తీసుకోవడమే మంచిది.

హైదరాబాద్‌తో పోల్చేటప్పుడు ఇంకో మాట. అక్కడ పిల్లల్లో చాలామంది ప్రైవేటు బడుల్లో ఉంటారు. మొత్తం పిల్లలతో భాగిస్తే ఒక జవాబు, సర్కారు బడి పిల్లలతో భాగిస్తే ఇంకో జవాబు. అలాగే గురుకులాల ఖర్చు చాలావరకు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది, అది బడి విద్య పద్దులో వెతికితే దొరకదు. ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ప్రాంతాల్లో ఆశ్రమ పాఠశాలలు గిరిజన సంక్షేమ శాఖవి. వీటిని ఒక జిల్లాకు కలిపి ఇంకో జిల్లాకు వదిలేస్తే లెక్క చెడిపోతుంది.

7. పద్దుల్లో కనబడని నిధులు

2015లో గనుల చట్టం మార్చి పెట్టిన జిల్లా ఖనిజ నిధి గురించి తప్పకుండా అడగండి. సింగరేణి గనులున్న పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం లాంటి జిల్లాల్లో దీని నుంచి బడి గదులకు, ఫర్నిచర్‌కు డబ్బు పెట్టే వీలుంది. గనులు లేని నారాయణపేటకు ఆ వీలు పెద్దగా ఉండదు. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు) కూడా అంతే, ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతుంది.

పెద్ద పథకాల్లో ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదీ చూడాలి. 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన "మన ఊరు - మన బడి" 26,065 బడులకు 7,289 కోట్లు అన్న అంచనాతో వచ్చింది. మొదటి విడతలో తీసుకున్నది 9,123 బడులు, మండలంలో పిల్లలు ఎక్కువ ఉన్నవి. ఆ నియమంతో చిన్న బడులు వెనక్కి పోయాయి. మీ బడి ఏ విడతలో ఉంది, పని ఎక్కడ ఆగింది, బిల్లు వచ్చిందా లేదా అన్నవి రాసుకోండి. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా జరిగిన మరమ్మతులను వేరే వరుసలో పెట్టండి.

8. దొరకని అంకెలకు సమాచార హక్కు

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళు నకలు జత చేస్తే ఫీజు కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

నా మొదటి దరఖాస్తులో "బడులకు నిధులు సరిగా ఎందుకు ఇవ్వడం లేదు?" అని రాశాను. జవాబుగా ఒక్క వాక్యం వచ్చింది, అందులో ఏమీ లేదు. తప్పు నాదే. "ఎందుకు" అని అడిగితే సమాచారం రాదు, కాగితం అడిగితే వస్తుంది. ఇప్పుడు ఇలా రాస్తాను:

"2024-25 విద్యా సంవత్సరానికి మీ మండలంలోని ప్రభుత్వ, మండల పరిషత్, జిల్లా పరిషత్ పాఠశాలల జాబితా, బడి వారీగా యూడైస్ కోడ్, నమోదైన విద్యార్థుల సంఖ్య, మంజూరైన టీచర్ పోస్టులు, పనిచేస్తున్నవారు, డిప్యుటేషన్ మీద వెళ్ళినవారు, వచ్చినవారు, అదే ఏడాది ఒక్కో పాఠశాలకు విడుదలైన గ్రాంటు మొత్తం, జమ అయిన తేదీ. పై వివరాల నకళ్ళు ఇవ్వగలరు."

సరిగ్గా ఇవే మాటలతో పక్క జిల్లాలో మీలాంటి మండలానికి కూడా ఒకటి పంపండి. మాట మారితే జవాబు మారుతుంది, పోలిక కుదరదు.

9. ఒక్క కాగితం మీదికి తీసుకురండి

ఇన్ని అంకెలు పోగయ్యాక అన్నీ చూపించాలనిపిస్తుంది. అలా చేయకండి. ఎడమవైపు మీ మండలం, కుడివైపు పక్క జిల్లా మండలం పెట్టి ఐదు వరుసలు చాలు: నిబంధన కంటే తక్కువ టీచర్లున్న బడులు, ఒక్క టీచర్ బడులు, ఖాళీ పోస్టుల శాతం, గ్రాంటు ఖాతాలో పడిన తేదీ, నీళ్ళున్న మరుగుదొడ్లు ఉన్న బడులు. ఏ ఏడాదివో, ఎక్కడి నుంచి తీసుకున్నారో కింద రాయండి. పిల్లల చదువు ఎలా ఉందో కూడా చూపాలనుకుంటే, 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు కేంద్రం జరిపిన పరఖ్ సర్వే జిల్లా నివేదికలు ఉన్నాయి. అవి జిల్లాకు పనికొస్తాయి, ఒక్క బడి మీద తీర్పు చెప్పడానికి కాదు.

ఆ కాగితం హెచ్‌ఎం గారికి, మండల విద్యాధికారికి ముందే చూపించండి. తప్పుంటే వాళ్ళే దిద్దుతారు. ఆ తర్వాత కమిటీ మీటింగ్‌లో పెట్టి తీర్మానం రాయించండి. తీర్మానంలో ఒకటే కోరండి, ఉదాహరణకు "88 మంది ఉన్న మా బడికి చట్టం ప్రకారం మూడో టీచర్". మీటింగ్‌లో ఆ ప్రశ్న అడిగిన తల్లి లాంటి వాళ్ళ సంతకాలు మొదట ఉండాలి. మండల ఆఫీసులో ఒకటి, జిల్లా ఆఫీసులో ఒకటి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒకటి ఇచ్చి, మీ దగ్గరుండే నకలు మీద తేదీతో ముద్ర, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి.